ఒరిజినల్ కాదట!

మా పెద్దమ్మ కారు ఒరిజినల్ కాదని తేల్చడానికి ఆయనకి సరిగ్గా నాలుగు నిమిషాలు పట్టింది. గోడ గడియారం ఎదురుగానే ఉంది గనక అంత కచ్చితంగా చెబుతున్నాను. పెద్దమ్మ వంటింట్లో కాఫీ కలుపుతోంది. ఆవిడ గ్లాసులు పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి ఆవిడ కారు ఖరీదు ముప్పై అయిదు వేలయి కూర్చుంది.

ఊరు కొత్తపట్నం. ఒంగోలు నించి తూర్పుగా బయల్దేరితే రోడ్డు అయిపోయేచోట సముద్రం, సముద్రానికి కాస్త ఇవతల మా పెద్దనాన్నగారి ఇల్లు. ఆయన డాక్టరు. కారు 1966 నాటి ఫియట్, 1100 డిలైట్. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు తయారుచేసింది. ఆ రోజుల్లో ఫియట్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. పెళ్ళికి ముందు డబ్బు కడితే పిల్లాడి అక్షరాభ్యాసానికి కారు వచ్చిందని పెద్దనాన్న నవ్వుతూ చెప్పేవారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. పెద్దమ్మకి ఎనభై రెండు. మోకాళ్ళు అరిగిపోయాయి, ఆపరేషన్ చేయించుకోమన్నారు. కొడుకులు "మేం పెట్టుకోమా అమ్మా" అంటున్నారు. ఏడాదిన్నరగా అంటూనే ఉన్నారు. అంచేత ఆవిడ కారు అమ్మదలుచుకుంది. "నా మోకాళ్ళు నా కారే బాగుచేయిస్తుంది లేవే" అంది నాతో ఫోనులో. అందుకే ఆ ఆదివారం నేనక్కడున్నాను.

వచ్చినాయన పాత కార్ల వ్యాపారి. రాగానే ముందు టైరుని తన్నారు. ఈ టైరుని తన్నడమెందుకో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. తర్వాత సెల్‌ఫోన్ దీపం వేసి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మా పెద్దన్నయ్యతో మొదలుపెట్టారు. పెద్దమ్మ పేరున ఉన్న కారు గురించి పెద్దమ్మతో మాట్లాడాలని ఆయనకి తోచలేదు, నేనున్నాననీ తోచలేదు. "సీటు గుడ్డ ఒరిజినల్ కాదు సార్. ఎడమవైపు ముందు మడ్‌గార్డుకి రంగు మార్చారు. ఇంజన్ బోరు చేయించారు. బంపరుకి మళ్ళీ పూత పెట్టించారు. బల్బులు కూడా మార్చేశారు సార్."

బల్బులు కూడానట! అరవై ఏళ్ళ నించి ఒకే బల్బుతో దీపం వెలిగించుకునే ఇల్లు ఏదైనా ఉంటే నాకు చూపించండి.

"వింటేజ్ మార్కెట్లో ఒరిజినాలిటీ ఒకటే చూస్తారు సార్. న్యాయంగా ఇది తుక్కు కింద పోవాలి. డాక్టరుగారి మీద గౌరవంకొద్దీ ముప్పై అయిదు ఇస్తాను. ఆర్.సి. పుస్తకం మాత్రం తప్పకుండా ఉండాలి."

ఆ చివరి మాట విన్నారా? తుక్కు కొనేవాడికి ఆర్.సి. పుస్తకం దేనికండీ? మా వీధిలో పాత ఇనుము కొనే అబ్బాయి ఏనాడూ నన్ను సీలింగ్ ఫ్యాను పుట్టుపూర్వోత్తరాలు అడగలేదు. చచ్చిన కారు కాగితాలు కొని, ఎక్కడిదో ఇంకో బాడీకి తగిలించి, దానికి ప్రాణప్రతిష్ఠ చేయడం ఈ వ్యాపారంలో పాత విద్యే. ఆయన ఉద్దేశం అదేనని నేననను. ఆ మాట మాత్రం నా చెవిలో గుచ్చుకుంది.

అన్నయ్య తలాడించబోయాడు. "ఆలోచించి చెబుతాం" అన్నాను నేను. ఆయన మొదటిసారి నా వంక చూసి చాలా మర్యాదగా అన్నారు: "ఆడవాళ్ళకి సెంటిమెంటు ఉంటుంది మేడమ్. కార్ల సంగతి తెలియదు కదా."

నిజమే, తెలియదు. నేను చదివింది బి.ఏ., చరిత్ర. కానీ సరుకు తెలియకపోయినా బేరం తెలుస్తుంది కదండీ! బంగారం కొట్టుకి వెళ్ళి గొలుసు కొంటే మజూరీ కలుపుతారు. ఏడాది తిరక్కుండా అదే గొలుసు అదే కొట్టుకి తీసుకెళితే తరుగు తీస్తారు. కొనేటప్పుడు కళ్ళు చెదిరిన పనితనం అమ్మేటప్పుడు మట్టి. ఇది మనకి ఎవరూ పాఠం చెప్పలేదు, పసుపు కుంకాలతో పాటే వచ్చింది. ఇక మా ఒంగోలు సీమ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక్కడ గిత్తని కొనేవాడు పళ్ళు లెక్కపెడతాడు, సుళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి గిట్ట వేసే తీరు చూస్తాడు, ఆ తర్వాతే తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెబుతాడు. నాలుగు నిమిషాల్లో గిత్తకి పేరు పెట్టేవాణ్ణి సంతలో ఎవరూ నిలవనివ్వరు.

అంచేత నేనొక పని చేశాను. పది రోజుల తర్వాత నా స్నేహితురాల్ని వెంటబెట్టుకుని, కొనేదాన్నై ఆయన షెడ్డుకే వెళ్ళాను. ఏ ఊళ్ళో అని అడక్కండి, చెప్పను. కొత్తపట్నంలో ఆయన నా మొహం సరిగ్గా చూడలేదు గనక గుర్తుపట్టలేదు. ఆడదాన్నైనందుకు ఆ మాత్రం లాభం దక్కింది.

షెడ్డులో మా కారుకి కవల చెల్లెలు ఉంది. అదే 1100 డిలైట్. ఎర్రగా పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. ధర ఆరు లక్షలు. "హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్ మేడమ్, జమీందారుగారి కుటుంబం వాడుకున్నది" అన్నారు. నేను హ్యాండ్‌బ్యాగులోంచి మా ఫ్రిజ్ తలుపుకి అంటించుకునే తిరుపతి వెంకన్న అయస్కాంతం తీసి, రంగు గీరుకోకుండా జేబురుమాలులో చుట్టి, తలుపు కింది భాగాన ఆనించాను. వెంకన్న నిలవలేదు, జారి నా చేతిలోకి వచ్చేశాడు. ఇంకో తలుపు దగ్గరా అంతే. ఇనుము ఉంటే పట్టుకోడూ? అక్కడున్నది లప్పం. మనం ఇంటి గోడ బీటలకి పూయిస్తామే, ఆ జాతిది. తలుపు అంచున రబ్బరు బీడింగు కాస్త పక్కకి లాగితే లోపల తెలుపు, దాని కింద నీలం. జమీందారుగారు ఎర్ర కారు ఎన్నడెక్కారో మరి!

ఇదంతా సరే. గోడమీద అద్దాల ఫ్రేములో ఒక పాత ఉత్తరం వేలాడదీశారు. మొదటి యజమానికి కారు అప్పగిస్తున్నట్టు టైపు కొట్టిన ఉత్తరం, 1968 నాటిది. చిరునామా: కందుకూరు, ప్రకాశం జిల్లా.

అక్కడ నా బి.ఏ. చరిత్ర అక్కరకొచ్చింది. 1968లో ప్రకాశం జిల్లా ఎక్కడిదండీ? గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నించి తాలూకాలు విడదీసి ఒంగోలు జిల్లా చేసింది 1970లో. దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టింది 1972లో. 1968లో కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022లో మళ్ళీ నెల్లూరు జిల్లాలోకే వెళ్ళిపోయిందనుకోండి, అది వేరే సంగతి. పుట్టని జిల్లాకి ఉత్తరం రాసిన ఆ మహానుభావుడు ఎవరో గానీ, ఒక్క రూపాయి పెట్టి పాత అట్లాసైనా కొనుక్కోలేదు పాపం.

నేనేమీ అనలేదు. కాఫీ ఇచ్చారు, తాగి వచ్చేశాను. ఇప్పుడంటున్నాను. అమ్మవచ్చిన ఇంట్లో బల్బు మారిస్తే ఒరిజినల్ కాదు. కొనవచ్చిన వాళ్ళ ముందు సగం తలుపు లప్పమైనా హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్. ఈ మాటకి అర్థం కారులో లేదు, ఆ పూట కుర్చీలో ఎవరు ఎటువైపు కూర్చున్నారన్నదాన్ని బట్టి ఉంది.

మరి నిజంగా దానికొక అర్థం లేదా అంటే, ఉంది. చట్టంలోనే ఉంది. ఇంగ్లీషు కార్ల క్లబ్బుల వాళ్ళ లెక్కలో వింటేజ్ అంటే 1919 నించి 1930 దాకా తయారైనవే. మన 1966 ఫియట్‌ని ఆ పేరుతో పిలిస్తే వాళ్ళు నవ్వుతారు. మన చట్టం నవ్వదు. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకి సవరణ తెచ్చారు. దాని ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండి వింటేజే. అసలు రూపమంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ ప్రధానంగా మార్చకుండా ఉండటం. సీటు గుడ్డ గురించి అందులో ఒక్క ముక్క లేదు. బల్బు గురించి అసలే లేదు. బోరు చేయించడమంటే అరిగిన ఇంజన్‌ని బాగుచేసుకోవడమే గానీ, ఇంకో ఇంజన్ తెచ్చి పెట్టడం కాదు కదా. మా ఇంజన్ మీద కొట్టిన నెంబరూ ఆర్.సి.లో నెంబరూ ఒక్కటే, అద్దాలు పెట్టుకుని ఒక్కో అంకే సరిచూశాను. కొత్తగా వింటేజ్ కింద రిజిస్టరు చేయిస్తే రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. అలా చేయించాక రోజూ కూరగాయలకి వేసుకెళ్ళడానికి వీల్లేదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, మరమ్మతుకీ మాత్రమే రోడ్డెక్కాలి. ఇవన్నీ ఆ వ్యాపారికి తెలియవంటే నేను నమ్మను.

ఇంతకంటే పెద్ద తగువు ఇంగ్లండులో జరిగింది. 'ఓల్డ్ నంబర్ వన్' అని ఒక బెంట్లీ కారు. ఫ్రాన్సులో లె మాన్ అనేచోట 24 గంటల పందెం జరుగుతుంది. 1929లోనూ 1930లోనూ గెలిచింది ఈ కారే. ఆ తర్వాత అది చాలాసార్లు విప్పి బిగించారు, మార్చారు, పందేల్లో తిప్పారు. 1990లో కోటి పౌండ్లకి బేరం కుదిరింది. కొనేవాళ్ళు తీరా సమయానికి "ఇందులో పందెం గెలిచిన నాటి భాగాలు ఏమంత మిగల్లేదు, ఇది అసలు కారే కాదు" అని వెనక్కి తగ్గారు. అమ్మినాయన కోర్టుకెక్కాడు. జడ్జి ఆటన్ గారు విని తేల్చిందేమంటే, మొదటి భాగాలతో ఉన్నదన్న అర్థంలో దీన్ని ఒరిజినల్ అనడానికి వీల్లేదు. కానీ నాటి నించి నేటిదాకా ఎక్కడా తెగకుండా వచ్చిన చరిత్ర దీనికుంది, ఆ పేరు చెప్పుకోగల కారు లోకంలో ఇంకొకటి లేదు, కాబట్టి ఇది నిజమైన ఓల్డ్ నంబర్ వనే. కొనేవాళ్ళు ఓడిపోయారు.

ఈ తీర్పు చదివినప్పుడు నాకు పెద్దమ్మ బిస్కెట్ల డబ్బా గుర్తొచ్చింది. తెగకుండా వచ్చిన చరిత్ర అంటే అదేగా మరి.

ఆ డబ్బాలో మూడు లెక్కల పుస్తకాలున్నాయి. ఆవిడ జన్మలో స్టీరింగు పట్టుకోలేదు. పెద్దనాన్న రోగుల్ని చూసేవారు, కారు కోసం వెళ్ళే ప్రతి పైసా ఈవిడ రాసేది. పాల లెక్క, చాకలి పద్దు, మధ్యలో కారు. ఎన్ని లీటర్ల పెట్రోలు పోయించారు, ఏ తారీఖున టైర్లు మార్చారు, ఏ షెడ్డువాడు ఎంత తీసుకున్నాడు అన్నీ ఉన్నాయి. రసీదులు గుండుసూదులతో గుచ్చి పెట్టింది. సీట్ల రెక్సిన్ చిరిగితే చీరాల నించి గళ్ళ గుడ్డ తెచ్చి కుట్టించిన రోజూ, కుట్టుకూలీ కూడా అందులో ఉన్నాయి. ఇంజన్ బోరు 1979లో. ఎడమ మడ్‌గార్డు దగ్గర మాత్రం లెక్కతో పాటు ఒక వాక్యం కూడా ఉంది. 1977 నవంబరు 19 తుఫాను తర్వాత పెద్దనాన్న మందుల పెట్టెలు వేసుకుని రేపల్లె వైపు వెళ్ళారట. రోడ్డుకడ్డంగా పడ్డ చెట్టుకొమ్మ తగిలి మడ్‌గార్డు నొక్కుకుపోయింది. పదకొండు రోజుల తర్వాత ఇంటికొచ్చారు. "రేకు సరిచేయించి రంగు వేయించినాము. మనిషి క్షేమం" అని రాసుకుంది పెద్దమ్మ.

ఇదండీ, ఆయన ఒరిజినల్ కాదన్న మడ్‌గార్డు.

మాటవరసకి ఇంకో కారు చెబుతాను. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం నవాబుల రోల్స్ రాయిస్ ఉంది, 1912 సిల్వర్ ఘోస్ట్, సింహాసనంలాంటి సీటున్న పసుపుపచ్చ కారు. ఊరేగింపులకి తప్ప బయటికి తీయని బండి. దానికి మచ్చలేదంటే ఆశ్చర్యమేముంది, అద్దాల బీరువాలో పట్టుచీర కూడా చిరగదు. పని చేసిన కారుని దాని పక్కన నిలబెట్టి తక్కువ చేయడం, నలుగురు పిల్లల్ని కన్నావిడ నడుముని సినిమా తార నడుముతో పోల్చడం లాంటిది. ఆ పోలిక వేసేవాళ్ళూ మనకి కొత్త కాదనుకోండి.

అవతలి పక్షం కూడా చెప్పాలి. ఫ్యాక్టరీ నించి వచ్చినట్టే ఉండాలని కోరేవాళ్ళు ఉంటారు. వాళ్ళ దృష్టిలో గళ్ళ గుడ్డ లోపమే. దానికి కొంత ధర తగ్గించుకోమంటే నేను ఒప్పుకుంటాను. ఫియట్‌లు కోకొల్లలుగా తయారయ్యాయి. ఇదే కారు తర్వాత ప్రీమియర్ ప్రెసిడెంటై, 1974 నించి పద్మినై, బొంబాయిలో టాక్సీగా అరిగిపోయింది. ఆ టాక్సీల్లో ఆఖరుది 2023 అక్టోబరులో విశ్రాంతి తీసుకుంది. అలాంటి కారుకి రోల్స్ రాయిస్ ధర రమ్మంటే రాదు. పైగా అమ్మేముందు వేలకి వేలు పోసి రంగులు వేయిస్తే ఆ డబ్బు తిరిగి రాకపోగా, ఉన్న నిజం కూడా రంగు కింద పూడిపోతుంది. అందుకే అన్నయ్య "కాస్త పెయింటు కొట్టిద్దామే" అన్నప్పుడు నేనూ పెద్దమ్మా ఒక్కసారే వద్దన్నాం.

ఇక అసలు లోపం చెబుతాను, దాచడమెందుకు. ఆ ఫియట్‌కి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే వెన్నెముక. సముద్రం పక్కన ఊరు. ఉప్పుగాలికి వెన్నెముకే తుప్పుపడుతుంది. డ్రైవరు కాళ్ళ దగ్గర రబ్బరు చాప ఎత్తి, కింద పీచు లాగి, నా తలలోని పిన్ను తీసి గుచ్చి చూశాను. రెండుచోట్ల పిన్ను దిగి అవతలికి పోయింది. బాగుచేయించాలంటే రేకు కోసి కొత్తది అతికించాలి, ఖర్చు తక్కువేం కాదు. ధర తగ్గాల్సింది ఇక్కడ. కార్ల సంగతి తెలిసిన ఆయన వంగి కిందికి చూడనే లేదు! ఆయన వెతికింది కారులో లోపాన్ని కాదుగా, వెల తగ్గించడానికొక సాకుని. సాకు బల్బులోనే దొరికింది, ఇంక వంగడం దేనికి?

కాబట్టి అమ్మల్లారా, మీ ఇళ్ళల్లో కూడా షెడ్డులో దుప్పటి కప్పిన పాత కారో, మామగారి స్కూటరో ఉంటే, దాని బేరం వరండాలో మగవాళ్ళ మధ్య తేలిపోనివ్వకండి. ఆ లెక్కలు రాసింది మీరు. ఆ సీట్లు తుడిచింది మీరు. ఏ నొక్కు ఏనాటిదో కోర్టులో సాక్ష్యం చెప్పగలిగింది మీరొక్కరే. ఆ సాక్ష్యానికి ధర కట్టమనండి. ఆర్.సి. పుస్తకం అసలుది చేతికివ్వకండి, నకలు చూపించండి. నెంబరు పలక ఫోటో తీసుకోనివ్వడం కూడా నాకిష్టం లేదు, అది నా చాదస్తమనుకున్నా సరే.

తర్వాతేమైందంటే, విశాఖపట్నం నించి ఒక రిటైరైన లెక్చరరుగారూ భార్యా వచ్చారు. ఆయన టైరుని తన్నలేదు. చాప ఎత్తి తుప్పు నేనే చూపించాను. ఆయన మొహం కాస్త చిన్నబోయింది. ఆవిడ మాత్రం వరండాలో కూర్చుని మూడు లెక్కల పుస్తకాలూ గంటన్నర చదివింది. రెండు లక్షల పదివేల దగ్గర మాటలు ఆగాయి, వచ్చే ఆదివారం మళ్ళీ వస్తామన్నారు.

అన్నయ్య ఉండబట్టలేక ఈ సంగతి ఆ వ్యాపారికి ఫోనులో చెప్పేశాడు. వెంటనే ఆయన పెద్దమ్మకే ఫోను చేశారు, ఈసారి "అమ్మగారూ" అంటూ. లక్ష ఇస్తానన్నారు. అయితే ఆ పాత పుస్తకాలూ, రసీదులూ కారుతో పాటే ఇవ్వాలన్నారు.

"ఒరిజినల్ కాని కారుకి ఆ పుస్తకాలు ఎందుకు నాయనా?" అని అడిగింది పెద్దమ్మ.

అవతల ఏమన్నారో నాకు వినపడలేదు. ఫోను పెట్టేసి, మోకాలు పట్టుకుని లేచి, షెడ్డులోకి వెళ్ళి కారు మీద దుప్పటి సర్దింది. "వాన వచ్చేట్టుంది, ఆ పక్క కాస్త లాగవే" అంది.